స్లీవ్, బైపాస్ అయ్యాక బరువు తగ్గకముందే షుగర్ ఎందుకు దిగుతుంది? పేగు హార్మోన్ల సంగతి వివరంగా కావాలి

నక్కలగుట్ట ఫార్మసిస్ట్:

హన్మకొండ, కాజీపేట, వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లి స్లీవ్ (పొట్టను కోసి సన్నటి గొట్టంలా చేయడం), బైపాస్ (పొట్టను చిన్న సంచి చేసి పేగు దారి మార్చడం) లాంటి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని వచ్చేవాళ్లు పెరిగారు. ఆపరేషన్ అక్కడ జరుగుతుంది, ఆ తర్వాత మందులు, అనుమానాలు అన్నీ ఇక్కడే. డిశ్చార్జి కాగితంలో నాలుగు లైన్లు ఉంటాయి, మిగతాది మనమే చెప్పాలి. ఇలాంటి కేసులు రోజూ చూసేవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇద్దరి వివరాలు, పేర్లూ ఊళ్లూ లేకుండా:

మొదటి ఆమెకు 46 ఏళ్లు, బీఎంఐ 39, షుగర్ ఎనిమిదేళ్ల నుంచి. ఆపరేషన్‌కు ముందు రాత్రిపూట గ్లార్జిన్ ఇన్సులిన్ 24 యూనిట్లు, గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా, డపాగ్లిఫ్లోజిన్ 10. స్లీవ్ అయింది. ఆరో రోజు గ్లార్జిన్ 8 యూనిట్ల మీదే ఫాస్టింగ్ 88 వచ్చింది. బరువు తగ్గింది నాలుగు కిలోలే. "కడుపు కోస్తే షుగర్ ఎట్ల తగ్గింది" అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు. పాత స్ట్రిప్పులు ఇంట్లోనే ఉన్నాయి, డపాగ్లిఫ్లోజిన్ మళ్లీ మొదలుపెట్టాలా అని కూడా అడిగారు.

రెండో ఆయనకు 38 ఏళ్లు, బైపాస్ అయి పద్నాలుగు నెలలు. షుగర్ జబ్బు ఎప్పుడూ లేదు, ఆ మందు ఒక్కటీ వాడడు. పొద్దున మూడు ఇడ్లీ, రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ తీసుకున్న రెండు గంటల్లోపు చెమటలు, వణుకు, కళ్లు మసకబారడం. అలాంటప్పుడు గ్లూకోమీటర్‌లో చూస్తే 51. బిస్కెట్లు తింటే తేరుకుంటాడు, మధ్యాహ్నానికి మళ్లీ అదే వరస.

ఒక పుస్తకం గ్రెలిన్ (ఆకలి పుట్టించే హార్మోన్) అంటుంది, ఒకటి జీఎల్‌పీ-1 (తిన్నాక పేగు విడిచే హార్మోన్) అంటుంది, ఇంకొకటి పైత్యరసం అంటుంది. ఇందులో ఏది ఎంతవరకు నిలబడుతుంది?

కరీంనగర్ లాప్ సర్జన్:

"పొట్ట చిన్నదైంది, అందుకే తక్కువ తింటున్నారు" అనే దగ్గరే చాలామంది ఆగిపోతారు. అదొక్కటే కారణమైతే పొట్ట పైభాగానికి బిగించే బ్యాండ్ కూడా బైపాస్ అంత పని చేయాలి. చేయలేదు. బ్యాండ్ పెట్టినవాళ్లలో తిన్నాక జీఎల్‌పీ-1, పీవైవై (ఆకలి తగ్గించే ఇంకో పేగు హార్మోన్) పెద్దగా పెరగవు. తినాలనే ఉంటుంది, ముద్ద దిగదు. బైపాస్‌లో ముద్ద దిగుతుంది, తినాలన్న కోరికే తగ్గుతుంది. లండన్‌లో బైపాస్ అయినవాళ్లకు ఆక్ట్రియోటైడ్ ఇచ్చి పేగు హార్మోన్లను అణచి చూశారు, వాళ్లు అంతకుముందుకన్నా ఎక్కువ తిన్నారు. అదే మందు బ్యాండ్‌వాళ్లకు ఇస్తే తిండిలో తేడా రాలేదు.

స్లీవ్ సంగతి ముందు చెబుతాను. పైలోరస్‌కు (పొట్ట కింది ద్వారం) 4 నుంచి 6 సెం.మీ. దూరంలో స్టేప్లర్ మొదలుపెడతాం. లోపల 36 నుంచి 40 ఫ్రెంచ్ (లావు కొలత) బూజీ గొట్టం ఉంటుంది. దాని పక్కనుంచే కోసుకుంటూ అన్నవాహిక వచ్చి పొట్టలో కలిసే మూల దాకా పోతాం. జీర్ణాశయంలో 75–80 శాతం బయటికి వచ్చేస్తుంది. ఆ ముక్కను చేతిలో పట్టుకుంటే ఎడమ పైభాగం ఉబ్బెత్తుగా, పల్చగా, లాగితే సాగేలా ఉంటుంది. అదే ఫండస్. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా బృందం కనిపెట్టిన హార్మోన్ ఇది. భోజనం వేళకు ముందు రక్తంలో పెరుగుతుంది, తిన్నాక పడుతుంది. ఫండస్ పోగానే ఇది బాగా తగ్గిపోతుంది. పైమూలలో ఫండస్‌ను సరిగా విడదీయకుండా కొంత వదిలేస్తే ఆ సంచి తర్వాత సాగుతుంది. అప్పుడు గుండెమంట, బరువు తిరిగి రావడం రెండూ చూస్తాం.

పథ్యంతో బరువు తగ్గితే గ్రెలిన్ దీనికి ఉల్టాగా నడుస్తుంది. 2002లో కమ్మింగ్స్ బృందం కొలిచి చూస్తే, తిండి తగ్గించి బరువు దిగినవాళ్లలో రోజు మొత్తం మీద గ్రెలిన్ 24 శాతం పెరిగింది. 2011లో ఆస్ట్రేలియాలో సుమిత్రన్ బృందం పది వారాల కఠిన పథ్యం పెట్టింది. ఏడాది గడిచాక చూసినా ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. "నోరు కట్టుకోలేకే మళ్లీ పెరిగావు" అని పేషెంట్‌ను అనేముందు ఈ రెండు ఫలితాలూ మనం గుర్తు పెట్టుకోవాలి.

ఇక బైపాస్. పైన 30 మి.లీ. పట్టే చిన్న సంచి మిగులుతుంది. చిన్నపేగును మొదటి నుంచి 50–100 సెం.మీ. దగ్గర కోసి, కింది కొసను పైకి తెచ్చి ఆ సంచికి కలుపుతాం. పైత్యరసం, క్లోమరసం మోసుకొచ్చే కొసను ఇంకో 100–150 సెం.మీ. కింద కలుపుతాం. అంటే తిన్నది డ్యుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) ముఖం చూడదు, పైలోరస్ తలుపు లేకుండా నేరుగా పేగులోకి జారుతుంది. చిన్నపేగు కింది భాగంలో, పెద్దపేగులో జీఎల్‌పీ-1, పీవైవై విడిచే ఎల్ కణాలు ఎక్కువగా ఉంటాయి. మామూలుగా వాటి దాకా తిండి చేరేసరికి పలచబడిపోతుంది. బైపాస్ తర్వాత నిమిషాల్లో, ఇంకా చక్కెరలతో నిండుగా చేరుతుంది. దాంతో జీఎల్‌పీ-1 చాలా రెట్లు ఎగబాకుతుంది, పీవైవై కూడా పెరుగుతుంది.

ఇదే మనిషిలో, ఇదే తిండితో దీన్ని రుజువు చేసిన పని ఒకటి నాకు చాలా ఇష్టం. బైపాస్ తర్వాత ఏదో కారణంతో పక్కన పెట్టిన పాత పొట్టలోకి గొట్టం వేయాల్సి వచ్చినవాళ్లున్నారు. ఒకే ద్రవాహారాన్ని నోటితో తాగిస్తే జీఎల్‌పీ-1, ఇన్సులిన్ రెండూ ఎగిశాయి. గొట్టం ద్వారా పాత దారిలో పంపిస్తే మామూలు మనిషిలాగే ఉన్నాయి. దారి మారితే సంకేతం మారుతుందని ఇంతకన్నా సూటిగా చూపించలేం.

స్లీవ్‌లో పేగు దారి మార్చం, కానీ సన్నబడిన పొట్ట త్వరగా ఖాళీ అవుతుంది. అందుకే అక్కడా జీఎల్‌పీ-1 పెరుగుతుంది, బైపాస్ అంత కాదు. మినీ బైపాస్‌లో ఒకే అతుకు ఉంటుంది, 150–200 సెం.మీ. పేగు పక్కకు పోతుంది. హార్మోన్ల తీరు బైపాస్‌కు దగ్గరే. 200 దాటిస్తే మాత్రం ప్రొటీన్, ఐరన్ లోపాలు ఎక్కువ.

ఇంకో మాట. జీఎల్‌పీ-1ను డీపీపీ-4 అనే ఎంజైమ్ రెండు నిమిషాల్లో సగం విరగ్గొడుతుంది. పరగడుపున కొలిస్తే ఆపరేషన్‌కు ముందూ వెనకా పెద్ద తేడా కనిపించదు. కాబట్టి ల్యాబ్‌లో ఈ హార్మోన్లు పరీక్ష చేయించాలా అని ఎవరైనా అడిగితే, డబ్బు దండగ అని చెప్పండి.

ఎండో వరంగల్:

సర్జన్ గారు చెప్పిన హార్మోన్ల తీరు సరైనదే. కానీ మొదటి ఆమె ఆరో రోజు ఫాస్టింగ్ 88కి కారణం జీఎల్‌పీ-1 అంటే నేను ఒప్పుకోను. మొదటి వారం జరిగేది ప్రధానంగా ఉపవాసం ఫలితం.

ఆమె ఇప్పుడు తీసుకునేది రోజుకు నాలుగైదు వందల కేలరీలు, అదీ ద్రవాలు. ఇంత తక్కువ తిండి పెడితే ఆపరేషన్ లేకుండానే కాలేయంలోని కొవ్వు రోజుల్లో కరగడం మొదలవుతుంది, రాత్రంతా కాలేయం వదిలే గ్లూకోజ్ తగ్గుతుంది. 2011లో న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ బృందం రోజుకు 600 కేలరీల పథ్యంతో వారంలోనే ఫాస్టింగ్ షుగర్ మామూలు స్థాయికి రావడం చూపించింది. ఫాస్టింగ్ అంకె కాలేయం కథ చెబుతుంది. తిన్నాక వచ్చే అంకెలోనే పేగు హార్మోన్ల పాత్ర కనిపిస్తుంది. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే పుస్తకాలు ఒకదానికొకటి పొసగవు.

2020లో యోషినో బృందం బైపాస్‌తో ఒక గుంపును, పథ్యంతో ఇంకో గుంపును దాదాపు 18 శాతం బరువు తగ్గించి పోల్చింది. ఇన్సులిన్ బాగా పనిచేయడం, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల పనితీరు రెండు గుంపుల్లోనూ ఒకేలా మెరుగయ్యాయి. అంటే షుగర్‌కు ప్రధాన మందు బరువు తగ్గడమే. ఆపరేషన్ గొప్ప ఏమిటంటే ఆ 18 శాతం తగ్గి, తగ్గిన దగ్గరే నిలబడే వీలు కల్పించడం. అక్కడ హార్మోన్ల సాయం ఉంది.

"ఏ హార్మోన్" అనే ప్రశ్నకు ఎలుకల మీద పని కొంత తేల్చింది. గ్రెలిన్ అసలే లేని ఎలుకలకు స్లీవ్ చేసినా బరువు తగ్గాయి. జీఎల్‌పీ-1 గ్రాహకం (ఆ హార్మోన్ సంకేతాన్ని అందుకునేది) లేనివీ తగ్గాయి. పైత్య లవణాలను గుర్తుపట్టే ఎఫ్ఎక్స్ఆర్ గ్రాహకం లేనివాటిలో మాత్రం స్లీవ్ ఫలితం బాగా పడిపోయింది, 2014లో వచ్చిన ఫలితం అది. ఎలుక మనిషి కాదు, సరే. కానీ ఒక్క హార్మోన్‌ను నాయకుణ్ని చేసి మిగతావాటిని వదిలేసే వివరణ ఏదైనా సరే నిలబడదని దీంతో తెలుస్తుంది.

మీ పేషెంట్ ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పండి: ఇప్పుడు తిండి బాగా తగ్గడం వల్ల కాలేయం నుంచి వచ్చే చక్కెర తగ్గింది, ఇంకొన్ని నెలలు బరువు తగ్గుతున్నకొద్దీ పేగు సంకేతాలు ఆకలిని అదుపులో ఉంచుతాయి, మందులు చూస్తూ తగ్గించాలి. షుగర్ "పోయింది" అనే మాట మాత్రం ఇప్పుడే వాడొద్దు. ఆపరేషన్‌నూ మందులనూ పోల్చిన స్టాంపీడ్ ట్రయల్‌లో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం. మందులతో పోలిస్తే ఎంతో మెరుగు, కానీ అందరికీ కాదు. షుగర్ వచ్చి ఎక్కువ ఏళ్లైనవాళ్లకు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు, సీ-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది) తక్కువ ఉన్నవాళ్లకు ఫలితం తక్కువ. క్లోమంలో బీటా కణాలే మిగలకపోతే జీఎల్‌పీ-1 వచ్చి ఎవరిని లేపాలి?

నక్కలగుట్ట ఫార్మసిస్ట్:

చాలా స్పష్టంగా ఉంది సార్, ఇద్దరికీ ధన్యవాదాలు. ఫాస్టింగ్ వేరు, తిన్నాక వేరు అన్న ఒక్క మాటతో నా అయోమయం సగం తీరింది. ఆమె మందుల విషయం కొంచెం విడమరిచి చెప్పండి, ఏది ఎప్పుడు ఆపాలో.

ఎండో వరంగల్:

డపాగ్లిఫ్లోజిన్ ముందు. మళ్లీ మొదలుపెట్టొద్దు. అసలు ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే ఆపాలి. తిండి తక్కువగా ఉన్నప్పుడు ఈ రకం మాత్ర వేస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగితే వచ్చే ఆమ్లాలు) పేరుకుంటాయి, షుగర్ మాత్రం 150–200 మధ్యే ఉండి మోసం చేస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస వస్తే అందరూ కుట్టు లీకైందేమో అని స్కాన్ వైపు పరుగెడతారు. లీకు చూడాల్సిందే, కానీ రక్తంలో కీటోన్ పరీక్ష కూడా ఆ గంటలోనే చేయించాలి. ఇంట్లో ఉన్న ఆ స్ట్రిప్పును వెనక్కి తెప్పించుకోండి.

గ్లిమెపిరైడ్ ఆపరేషన్ రోజు నుంచే బంద్. అది తిన్నా తినకపోయినా క్లోమాన్ని పిండుతుంది, ద్రవాహారం మీద ఉన్న మనిషికి ప్రమాదం. గ్లార్జిన్‌ను చాలామందిలో ఇంటికి పంపేటప్పుడే సగానికో, అంతకన్నా తక్కువకో దించుతారు. రోజుకు నాలుగుసార్లు చూసుకుంటూ, ఫాస్టింగ్ 100 లోపు వస్తే ఇంకా తగ్గించాలి. ఆమె 88 దగ్గర ఉంది కాబట్టి ఆ 8 యూనిట్లు కూడా తగ్గించే సమయం వచ్చింది, ఆపరేషన్ చేసిన డాక్టర్‌తోనో దగ్గర్లోని ఫిజీషియన్‌తోనో ఈరోజే మాట్లాడించండి. 70 లోపు ఒక్కసారి వచ్చినా మర్నాటిదాకా ఆగొద్దు.

మెట్‌ఫార్మిన్ ఉంచుతాం, కిడ్నీ పరీక్ష బాగుండి నీళ్లు సరిగా తాగుతుంటే. కాకపోతే మొదటి వారాల్లో మామూలు మాత్రనే పొడి చేసి ఇవ్వాలి, లేదా సిరప్. ఎక్స్‌ఆర్, ఎస్‌ఆర్ అని ఉన్నవాటిని నలపకూడదు, నలిపితే నెమ్మదిగా విడుదల కావాల్సిన మందంతా ఒక్కసారే వస్తుంది. మీ కౌంటర్ దగ్గర పట్టుకోవాల్సిన తప్పు ఇదే, ఎందుకంటే ప్రిస్క్రిప్షన్ పాతదే తెచ్చి అడుగుతారు.

బీపీ మాత్రల్లో నీరు తోడేది ఉంటే దాని గురించీ అడగండి. తాగే నీళ్లే లీటరుకు చేరనప్పుడు హైడ్రోక్లోరోథయజైడ్ వేస్తే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. నొప్పికి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ అడిగితే ఇవ్వొద్దు. బైపాస్ అయినవాళ్లకు అతుకు దగ్గర పుండు పడుతుంది, బీడీ సిగరెట్ తాగేవాళ్లకైతే మరీను. పారాసిటమాల్ చాలు.

జగిత్యాల డైటీషియన్:

రెండో ఆయన సంగతి నేను చెప్తా అన్నా. ఇది మామూలు నీరసం కాదు, బైపాస్ తర్వాత వచ్చే లేట్ డంపింగ్, అంటే తిన్నది ఒక్కసారే పేగులకు దిగినంక షుగర్ పడిపోవుడు. సాధారణంగా ఆపరేషన్ అయి ఏడాది దాటినంక మొదలైతది, తిన్న గంట నుంచి మూడు గంటల లోపు వస్తది. తిన్న అరగంట లోపే గుండె దడ, కడుపు తిప్పుడు, విరేచనం అయితే అది ఎర్లీ డంపింగ్, దాంట్ల షుగర్ పడిపోదు. చిక్కటి తీపి ఒక్కసారే పేగులకు దిగితే అది నీటిని లోపలికి గుంజుకుంటది, అందుకే ఆ దడ. రెండిటినీ ఒకటే అనుకుని మందిస్తే పని కాదు.

ఆయన పొద్దుగాల తిన్నది లెక్క కట్టుండ్రి. మామూలు ఇడ్లీ ఒక్కటి పది, పన్నెండు గ్రాముల పిండిపదార్థం. మూడు ఇడ్లీలకు ముప్ఫై దాటింది. చాయ్‌ల రెండు చెంచాల చక్కెర ఇంకో పది. నలభై, నలభై అయిదు గ్రాములు, అదీ మెత్తగ పులిసిన పిండి, పైనుంచి వేడి చాయ్‌తోని కడిగి పేగులకు పంపినట్టు. ముప్పావుగంటల షుగర్ రెండు వందలు దాటుతది. జీఎల్‌పీ-1 ఒక్కసారే ఎగుస్తది, ఇన్సులిన్ కుప్పలుగ వస్తది. తిండి మాత్రం అప్పటికే అయిపోయింది. మిగిలిన ఇన్సులిన్ షుగర్‌ను 51కి గుంజింది. అప్పుడు బిస్కెట్ ప్యాకెట్ తింటే మళ్ల అదే ఆట మొదటి నుంచి. మధ్యాహ్నం వచ్చిన వణుకు ఆ బిస్కెట్ల వల్లనే.

అందుకే వణుకు వచ్చినప్పుడు గ్లూకోజ్ పొడి 15 గ్రాములు, మూడు చెంచాలు, కొన్ని నీళ్లల్ల కలిపి తాగాలె. పావుగంట తర్వాత చూసి 70 దాటితే వెంటనే ఉడికిన గుడ్డు ఒకటి, లేకుంటే గుప్పెడు పల్లీలు. ఈ రెండో ముక్క మర్చిపోతే గంటకు మళ్ల పడిపోతది. మనోళ్లు మొదటిది చేస్తరు, రెండోది వదిలేస్తరు.

రోజూ తినే పద్ధతి మార్చాలె. ఒక్క పూటకు పిండిపదార్థం 30 గ్రాములు దాటొద్దు, మధ్యల తినేదాంట్ల 15. తినే వరుస కూడ ముఖ్యం: ముందు గుడ్డు, చికెన్, పెసర్లు, పనీర్ లాంటి ప్రొటీన్, తర్వాత కూరగాయ, ఆఖరికి రొట్టెనో అన్నమో. జొన్న రొట్టె మందంగ ఉన్నది ఒక్కటి చేస్తేనే 30 గ్రాముల దాకా ఉంటది, కాబట్టి జొన్న కదా అని రెండు తినొద్దు. సగం రొట్టె, దానితోని పప్పు గట్టిగ. ఉడికిన అన్నం వంద గ్రాములకు 28 గ్రాములు. చిన్న గిన్నెతోని కొలిచి పెట్టుకుంటే అలవాటు అయితది.

మన దిక్కు తిండిల నేను ముందు అడిగేది అంబలి, పలచటి మక్క గటక, గంజి, పచ్చిపులుసు కలిపిన అన్నం. తాగేటట్టు ఉన్న పిండిపదార్థం బైపాస్ పొట్టల ఒక్క నిమిషం ఆగదు. అంబలి ఆరోగ్యం అని చెప్పి పొద్దుగాల పెద్ద గిలాసెడు తాగుతరు, పదకొండు గంటలకు చెమటలు పడ్తయి. అదే జొన్నలు గట్టిగ వండుకుని, గుడ్డుతోని తింటే అంత ఉండదు. తినేటప్పుడు, తిన్నంక అరగంట దాకా నీళ్లు, మజ్జిగ, చాయ్ బంద్. నమిలి నమిలి, పూట తిండికి ఇరవై నిమిషాలు.

ప్రొటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు. గుడ్డుకు 6, ఉడికిన చికెన్ వంద గ్రాములకు 27 దాకా, ఎండు మీల్‌మేకర్ 30 గ్రాములకు 15. మాంసం తిననోళ్లు పప్పు ఒక్కదాంతోని ఈ లెక్క అందుకోలేరు, పాల పొడినో వే ప్రొటీన్‌నో కలపాల్సిందే.

కల్లు గురించి ఎవరూ అడగరు, నేనే అడుగుత. బైపాస్ అయినోళ్లకు మత్తు తొందరగ ఎక్కుతది, ఎక్కువ ఎక్కుతది. పైనుంచి ఆల్కహాల్ కాలేయం నుంచి గ్లూకోజ్ రాకుండ ఆపుతది. ఇట్ల షుగర్ పడిపోయే మనిషి పరగడుపున కల్లు తాగితే తాగి పడిపోయిండు అనుకుంటరు, షుగర్ పడిపోయిందని ఎవరికీ తట్టదు. ఇంట్లోళ్లకు ఇది చెప్పి పెట్టుండ్రి.

కరీంనగర్ లాప్ సర్జన్:

డైటీషియన్ గారి లెక్కకు ఒక్కటి కలుపుతాను. ఈ పద్ధతి నెలా రెండు నెలలు గట్టిగా పాటించినా పడిపోతుంటే తర్వాతి మెట్టు అకార్బోస్, భోజనం మొదటి ముద్దతో 25 నుంచి 50 మి.గ్రా. పిండిపదార్థం విరగడాన్ని నెమ్మది చేస్తుంది, తిన్నాక షుగర్ ఒక్కసారే ఎగబాకడం తగ్గుతుంది. గ్యాస్, కడుపు ఉబ్బరం వస్తాయి. ఇది వాడుతున్న మనిషికి షుగర్ పడిపోతే చక్కెర, బెల్లం, బిస్కెట్ పనికిరావు, ఎందుకంటే వాటిని విరిచే ఎంజైమ్‌నే ఈ మందు ఆపుతోంది. గ్లూకోజ్ పొడే కావాలి. మందు ఇచ్చేటప్పుడే గ్లూకోజ్ డబ్బా కూడా చేతిలో పెట్టండి.

పరగడుపున షుగర్ పడిపోయినా, ఆపరేషన్ అయిన మొదటి నెలల్లోనే ఇలా జరిగినా అది డంపింగ్ అనుకుని వదలొద్దు. ఇన్సులిన్, సీ-పెప్టైడ్ పరీక్షలతో వేరే కారణం వెతకాలి. బైపాస్ తర్వాత తిన్నాక ఇలా షుగర్ పడిపోయేవాళ్లకు క్లోమంలో కొంత కోసేయడం ఒకప్పుడు చేసేవారు. జీఎల్‌పీ-1 గ్రాహకాన్ని అడ్డుకునే ఎక్సెండిన్ 9-39 ఎక్కిస్తే షుగర్ పడిపోవడం ఆగుతుందని తేలాక, తప్పు క్లోమానిది కాదు, దానికి అందే సంకేతానిది అని స్పష్టమైంది.

మంచిర్యాల నుంచి:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. జీఎల్‌పీ-1 పెరగడమే ముఖ్యమైతే మౌంజారో లాంటి ఇంజెక్షన్ వారానికొకటి తీసుకుంటే సరిపోదా? కోత ఎందుకు?

ఎండో వరంగల్:

కొందరికి సరిపోతుంది, అడగాల్సిన ప్రశ్నే. మౌంజారోలో ఉండే మందు టిర్జెపటైడ్. అది జీఐపీ (ఇంకో పేగు హార్మోన్), జీఎల్‌పీ-1 రెండు గ్రాహకాల మీదా పనిచేస్తుంది. మన దేశంలో 2025 మార్చి నుంచి దొరుకుతోంది. వారానికి 2.5 మి.గ్రా. నాలుగు వారాలు, తర్వాత 5, అవసరాన్ని బట్టి 15 దాకా. పెద్ద ట్రయల్‌లో 15 మి.గ్రా. మీద 72 వారాలకు సగటున 21 శాతం బరువు తగ్గింది. బైపాస్‌తో 25–30 శాతం.

తేడా ఎక్కడంటే, ఇంజెక్షన్ వారమంతా గ్రాహకాన్ని ఒకే స్థాయిలో నొక్కి ఉంచుతుంది. ఆపరేషన్ తర్వాత తిన్న ప్రతిసారీ పలు హార్మోన్లు కలిసి ఎగసి దిగుతాయి, దానికి ప్రతి నెలా బిల్లు ఉండదు. ఇంజెక్షన్ ఆపితే ఆకలి తిరిగొస్తుంది, తగ్గిన బరువులో చాలా భాగం ఏడాదిలో వెనక్కి వస్తుంది. బీఎంఐ 30–32 ఉండి షుగర్ కొత్తగా వచ్చినవాళ్లకు నేను ఇంజెక్షన్‌తోనే మొదలుపెడతాను. బీఎంఐ 40 దాటి, మోకాళ్లు, నిద్రలో ఊపిరి ఆగడం, షుగర్ అన్నీ ఉంటే ఆపరేషన్ గురించి మాట్లాడకుండా ఏళ్లు గడపడం అన్యాయం. ఆపరేషన్ అయ్యాక బరువు తిరిగి పెరిగినవాళ్లకు ఇంజెక్షన్ కలపొచ్చు కూడా.

ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఈ ఇంజెక్షన్ సంగతి చెప్పాలి. పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి పరగడుపున వచ్చినా లోపల తిండి ఉండొచ్చు.

కరీంనగర్ లాప్ సర్జన్:

హార్మోన్ల చర్చలో మరుగున పడే రెండు విషయాలు. ఇవి ఇక్కడ రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఒకటి థయమిన్ (బీ1 విటమిన్). ఆపరేషన్ అయ్యాక వాంతులు వదలకుండా ఉంటే రెండు మూడు వారాల్లో ఒంట్లోని థయమిన్ నిల్వ అయిపోతుంది. అలాంటి మనిషి నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. థయమిన్ లేకుండా గ్లూకోజ్ వెళితే ఉన్న కాస్త నిల్వ కూడా ఖర్చయి మెదడు దెబ్బతింటుంది: కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, నడక తూలడం, మాటలో తికమక. ముందు సిరలోకి థయమిన్ 200 నుంచి 500 మి.గ్రా., ఆ తర్వాతే గ్లూకోజ్. డిశ్చార్జి కాగితం మీద ఇది ఎర్ర సిరాతో రాసి ఇవ్వమని నేను అందరికీ చెబుతాను. అవసరమైతే మీరే రాయండి, ఫార్మసిస్ట్ గారూ. జీవితాంతం వాడాల్సినవాటిలో బీ12, ఐరన్, డీ విటమిన్, కాల్షియం సిట్రేట్ రోజుకు 1200–1500 మి.గ్రా. విడగొట్టి. ఐరన్‌కూ కాల్షియంకూ రెండు గంటల ఎడం ఉండాలి, రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటబట్టదు.

రెండోది గర్భిణులు. బైపాస్ అయిన అమ్మాయికి 24–28 వారాల మధ్య మామూలుగా చేసే 75 గ్రాముల గ్లూకోజ్ తాగే పరీక్ష చేయించొద్దు. పైన రెండో ఆయనకు ఇడ్లీతో జరిగిందే ఆమెకు ల్యాబ్ బెంచీ మీద జరుగుతుంది, పైగా ఫలితం చదవడానికి కూడా పనికిరాదు. దాని బదులు ఒక వారం ఇంట్లో గ్లూకోమీటర్‌తో పరగడుపున, ప్రతి పూటా తిన్న గంటకు చూసి రాసుకోవాలి. ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బైపాస్ తర్వాత నోటి మాత్రల మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం, కాపర్ టీ లాంటిది మేలు.

నక్కలగుట్ట ఫార్మసిస్ట్:

ఆమె డపాగ్లిఫ్లోజిన్ స్ట్రిప్పు తెప్పిస్తాను, గ్లార్జిన్ గురించి ఫిజీషియన్‌తో ఇప్పుడే ఫోన్ కలిపించాను. రెండో ఆయనకు గ్లూకోజ్ పొడి, గుడ్డు లెక్క రాసిచ్చి, ప్రతి పూటా తిన్న ముప్పావుగంటకు, రెండు గంటలకు చూసి రాయమని చెప్పాను. అంబలి తాగుతాడా అని అడిగితే రోజూ పదకొండు గంటలకు ఒక గ్లాసు తాగుతాడట. ఆయన రాసుకున్న లెక్కల పుస్తకం వచ్చాక అంకెలు ఇక్కడ పెడతాను, డైటీషియన్ మేడం ఒకసారి చూడండి.

జగిత్యాల డైటీషియన్:

పెట్టుండ్రి అన్నా. అంకెల పక్కన ఏం తిన్నడో, ఏది ముందు తిన్నడో కూడ రాయమనుండ్రి. వరుస రాయకుంటే ఆ అంకెలతోని నేను ఏం చెప్పలేను.